క్వయర్‌లో పదమూడో గౌను

చాండ్లర్‌లో చర్చికి వెళ్లిన మొదటి ఆదివారమే నవోమి ఒక పొరపాటు చేసింది. ఏమీ లేదు, మర్యాదగా మాట్లాడింది, అంతే.

అది 1981 సెప్టెంబరు. చాండ్లర్ అప్పటికింకా చిన్న ఊరే. అరిజోనా ఎండలో పత్తిచేలు, వాటి పక్కన కంప్యూటర్ చిప్స్ తయారుచేసే కొత్త ఫ్యాక్టరీ. అందులో నవోమి భర్త దైవాశీర్వాదానికి ఉద్యోగం. అంత పేరు పలకలేక తోటివాళ్లు ఆయన్ని డేవ్ చేసేశారు. ఆయన దానికీ సంతోషించాడు. ఆయన దేనికైనా సంతోషిస్తాడు. నవోమికి ఒళ్లు మండేది అక్కడే.

నవోమిది గుంటూరు. తండ్రి చర్చిలో హార్మోనియం వాయించేవాడు. ఆమె చిన్నప్పట్నుంచీ చర్చి పాటల బృందం క్వయర్‌లో ముందు వరస. నర్సింగ్ చదివినా, పెళ్లయి ఇద్దరు పిల్లల తల్లయినా, ఆదివారం ఆమె ఎత్తుకుంటేగాని అక్కడ పాట లేచేది కాదు.

చాండ్లర్ చర్చిలోనూ వెనక బెంచీలో కూర్చుని గొంతు విప్పింది. ముందున్నవాళ్లు తిరిగి చూశారు. ఆరాధన అయ్యాక క్వయర్ నడిపించే లొరైన్ అనే పొడుగాటావిడ నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది.

"మీ గొంతు ఎంత బాగుందో! మా క్వయర్‌లో చేరతారా?"

నవోమి గుండె గంతేసింది. కానీ పద్ధతిగా పెరిగిన గుంటూరు పిల్ల అడగ్గానే సరే అంటుందా? కొంగు సర్దుకుని, తల వంచి, "అబ్బే, నాకంత పాడటం రాదండీ" అంది.

ఇప్పుడు లొరైన్ "అలా అంటే ఎలా?" అనాలి. తను "వద్దులెండి" అనాలి. ఆవిడ చెయ్యి పట్టుకుని "మీరు రావాల్సిందే" అనాలి. అప్పుడు తను "మీరింతగా అంటుంటే..." అని మెత్తబడాలి. నవోమి ఎరిగినంతలో క్వయర్‌లో ఎవరైనా చేరేది ఇలాగే.

"ఓ, ఫర్వాలేదు!" అని నవ్వి లొరైన్ వెళ్లిపోయింది.

మరుసటి ఆదివారం నవోమి ఇంకాస్త మంచి చీర కట్టి, ఇంకాస్త గట్టిగా పాడింది. లొరైన్ దూరం నుంచి చెయ్యి ఊపింది, అంతే. క్రిస్మస్ వచ్చింది. లేత నీలం గౌన్లు తొడుక్కుని పన్నెండుమంది వేదిక మీద పాడుతుంటే, నవోమి పెదవులు బిగించుకుని వెనక బెంచీలో కూర్చుంది.

ఆ బెంచీ కథ వేరే. దాంట్లో వీళ్ల పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. చోటు చాలని రోజు హాల్లోంచి మడతకుర్చీలు మోసుకొచ్చుకునేవాళ్లే గాని, ఇటు జరిగేవాళ్లు కాదు. ఒక పెద్దాయన మాత్రం నెలకోసారి వచ్చి చాలా దయగా, "మళ్లీ మీ దేశం ఎప్పుడు వెళ్లిపోతారు?" అని అడిగేవాడు. నవోమి దీన్నీ, క్వయర్‌కి మళ్లీ పిలవకపోవడాన్నీ కలిపి చూసుకుంది.

"వీళ్లకి మనం అక్కర్లేదండీ" అంది కారులో.

"నిన్ను క్వయర్‌కి పిలిచారుగా?"

"ఒక్కసారి!"

"ఎన్నిసార్లు పిలవాలి?"

"మూడుసార్లయినా పిలవరూ మనుషులు?"

దైవాశీర్వాదం గేరు మార్చాడు.

ఈస్టర్‌కి నెల ముందు, చర్చివాళ్లు కొత్త కుటుంబాల ఇళ్లకి వెళ్లి పలకరించే వారం వచ్చింది. వీళ్లింటికి వచ్చింది లొరైనే. నవోమి గారెలు, కోడికూర చేసింది. ఆ మినప్పప్పు లాస్ ఏంజెలెస్ నుంచి తెప్పించి దాచుకున్నది. లొరైన్ రెండు గారెలు ఇష్టంగా తిని "చాలు" అంది. నవోమి ఇంకో రెండు వేసింది.

"నిజంగా చాలండీ."

"ఒక్కటే, నా మాటకి" అంటూ మళ్లీ రెండు.

కారానికి లొరైన్ ముక్కు ఎర్రబడింది. పాపం, ప్లేటుకి చెయ్యి అడ్డం పెట్టింది. నవోమి ఆ వేళ్ల సందులోంచి ఒక గారెని జారవిడిచింది.

"నవోమీ! నేను వద్దన్నాను. వద్దంటే నాకు వద్దనే." కోపం కాదు, ఆ గొంతులో ఉన్నది ప్రాణభయం.

దైవాశీర్వాదం పగలబడి నవ్వాడు. "మా వాళ్లలో మూడోసారి దాకా వద్దన్న మాట లెక్కలోకి రాదు" అన్నాడు. లొరైన్ కూడా నవ్వి బెల్టు వదులు చేసుకుంది. నవోమికి నవ్వు రాలేదు. గారెల గిన్నె పట్టుకుని వంటింట్లో నిలబడిపోయింది. సెప్టెంబరులో పాడటం రాదని తనన్న ముక్క గుర్తొచ్చింది. ఈ దేశంలో అది అక్కడితో ముగిసిపోయిన మాట! అప్పుడే బయటికెళ్లి చెప్పేద్దామనుకుంది. కానీ తన గొంతు బాగుందని తనే చెప్పుకోవడానికి నోరు పెగల్లేదు.

లొరైన్ కారు సందు తిరిగాక పెగిలింది.

"బుధవారం క్వయర్ ప్రాక్టీసుకి వెళుతున్నాను."

"పిలవకుండానా?"

"పిలిచారు. సెప్టెంబరులో."

"వెళ్లి చేర్చుకోండని అడుక్కుంటావా? మీ నాన్నకి తెలిస్తే?"

"మీరు డేవ్ అయిన సంగతి మీ నాన్నకి తెలుసా?"

బుధవారం ప్రాక్టీసు గది గుమ్మంలో నిలబడి, మధ్యలో ఊపిరైనా తీసుకోకుండా అంది: "ఆరోజు మీరడిగితే పాడటం రాదన్నాను. వచ్చు. బాగా వచ్చు. నన్ను చేర్చుకోండి."

పుట్టి బుద్ధెరిగాక అంత సిగ్గుమాలిన మాట ఆమె అన్నది లేదు. చెవులు వేడెక్కిపోయాయి. లొరైన్ ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత మొహమంతా నవ్వు చేసుకుంది. ఇంతలో గౌన్ల బాధ్యత చూసే గ్రెచెన్ అనే ఆవిడ గొంతు సవరించుకుంది.

"గౌన్లు పన్నెండే ఉన్నాయి. ఆ బట్ట ఇప్పుడు దొరకదు."

లొరైన్ నేల చూసింది. నవోమికి "ఫర్వాలేదులెండి" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. పుట్టుకతో వచ్చిన మాట. దాన్ని మింగేసింది.

"నేను కుట్టుకుంటాను. నమూనాకి ఒకటి ఇస్తే రేపు తెచ్చిస్తాను."

"బయటికి ఇవ్వం."

"సరే, ఇక్కడే చూసుకుంటాను" అని, కొక్కేనికి వేలాడుతున్న గ్రెచెన్ గౌనునే తీసి, అందరూ చూస్తుండగా జానలతో కొలుచుకుంది. చేతులు, మెడ, కుచ్చిళ్లు. ఎక్కడా తొందరపడలేదు.

ఫీనిక్స్ కొట్లన్నీ తిరిగినా ఆ నీలం దొరకలేదు. కాస్త ముదురు నీలం దొరికింది. తను పనిచేసే ఆసుపత్రిలో తోటి నర్సు దగ్గర కుట్టుమిషను అడిగి తెచ్చి కుట్టింది. డేవ్‌గారు కుచ్చిళ్లు ఇస్త్రీ చేశాడు, సంతోషంగానే.

"రంగు కలవలేదు" అంది గ్రెచెన్.

"లేదు" అని ఒప్పుకుంది నవోమి. "చూస్తూ ఉండండి, అలవాటవుతుంది."

ఈస్టర్ ఉదయం ఆమె నిలబడింది వెనక వరసలో, గ్రెచెన్ పక్కన. గ్రెచెన్‌కి అవతల గోడ. పాటల పుస్తకాలూ పన్నెండే అని చివరి నిమిషంలో తేలింది గనక, ఇద్దరూ ఒకటే చూసుకోమంది లొరైన్. పాట మొదలవగానే గ్రెచెన్ పుస్తకాన్ని గుండెకి హత్తుకుంది.

నవోమికి అన్ని చరణాలూ కంఠతా వచ్చు. ఎదురుగా చూస్తూ హాయిగా పాడేయొచ్చు. కానీ పుస్తకంలో సగం తనది. అరడుగు పక్కకి జరిగి మెడ చాచింది. గ్రెచెన్ అరడుగు జరిగింది. నవోమీ జరిగింది. రెండో చరణం అయ్యేసరికి గ్రెచెన్ భుజం గోడకి తగిలింది. ముదురు నీలం చెయ్యి లేత నీలం చేతిని ఆనుకుంది. ఇంకెటూ పోయే దారి లేక, గ్రెచెన్ నిట్టూర్చి పుస్తకాన్ని కాస్త ఇటు వంచింది.

మళ్లీ లాక్కుంటుందేమోనని నవోమి తన వైపు అట్ట గట్టిగా పట్టుకుని, మూడో చరణం ఎత్తుకుంది.