వేరే అన్నవాడు

మా చిన్న బావమరిది ఓయ్వ కాఫీలో పాలు పోసుకోడు. ఇష్టం లేక కాదు, కవల అన్న ఆర్మస్ పోసుకుంటాడని. ఇద్దరూ అచ్చు గుద్దినట్టుంటారు. స్కీ పందెంలో వీడు గెలిస్తే మా కయాని ఊరంతా ఆర్మస్‌ని మెచ్చుకునేది. "నేను వేరే!" అని అరుస్తూనే పెరిగాడు. రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. దాని తలుపు మీద కూడా తన పేరు పెద్దక్షరాల్లో రాయించుకున్నాడు. మొండిఘటం. అందుకే నాకిష్టం.

మా ఆవిడ ఐలి వాళ్ళకి అక్క. ఆమెకి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. బయటి దాతలెవరూ దొరకలేదు. తమ్ముళ్ళ ఎముక మూలుగ సరిపోతే బతకొచ్చు, ఒక్కొక్కరిది సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి అన్నారు డాక్టరు.

మా అత్తగారు లెంపి దాల్చినచెక్క రొట్టెలు కాలుస్తూ లెక్క తేల్చేసింది. "ఇద్దరు తమ్ముళ్ళు. పావూ పావూ అర. సగానికి సగం ఉంది కదా అల్లుడూ!"

లెక్కల మాస్టార్ని, నోరు ఊరుకోదు. "అలా కలిపెయ్యకూడదు అత్తయ్యా. మా తరగతిలో స్కీయింగు చేసేవాళ్ళు పదిమంది, స్కేటింగు చేసేవాళ్ళు ఎనిమిదిమంది. అంటే పద్దెనిమిది మందా? రెండూ చేసేవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళు రెండుసార్లు లెక్కలో పడ్డారు, ఒకసారి తీసెయ్యాలి."

"సరే, ఇద్దరిదీ సరిపోయే ముక్క తీసెయ్యి. ఎంత తగ్గుతుందేం?"

అప్పుడు గానీ నాకు తట్టలేదు. మామూలు అన్నదమ్ములైతే కాస్తే తగ్గేది. వీళ్ళు ఒకే పిండం నుంచి విడిపోయినవాళ్ళు. ఒకరిది సరిపోతే రెండోవాడిదీ సరిపోతుంది, లేదంటే ఇద్దరిదీ లేదు. రెండుసార్లు లెక్కలో పడ్డది ఆ పావు మొత్తం. అది తీసేస్తే మిగిలేది ఒక్క పావే. ఆ మాటే చెప్పాను. ఆవిడ పొయ్యి ఆపేసింది.

ఆర్మస్‌ది సరిపోలేదు.

"నాది చూడండి," అన్నాడు ఓయ్వ.

"మీ ఇద్దరిదీ ఒకటే కదా బాబూ," అంది నర్సు.

"పుట్టినప్పట్నుంచీ ఇదే మాట! నేను వేరే. తియ్యండి రక్తం."

తీసింది. ఫలితం వచ్చేదాకా నేనూ ఆశపడ్డాను. లెక్కల మాస్టారినైతే మాత్రం, మొగుణ్ణి కదా.

వాడిదీ సరిపోలేదు. ఓయ్వ ఐలి మంచం పక్కన కూలబడి భోరుమన్నాడు.

"క్షమించవే అక్కా. ఇన్నాళ్ళూ వేరే వేరే అని అరిచాను. నీకు పనికొచ్చే రోజున వేరే కాలేకపోయాను."

ఐలి వాడి తల నిమిరింది. "ఊరుకోరా. నాకు మీరెప్పుడూ ఇద్దరే."

మంచు కరగకముందే ఐలి పోయింది. పాతిపెట్టి వచ్చాక అందరం కాఫీకి కూర్చున్నాం. ఓయ్వ పాలగిన్నె అందుకుని తన కప్పులో పోసుకున్నాడు.