అదే ధరకు అలాంటి కారు

దోహాలోని అల్ ఘర్రాఫాలో మేముండే విల్లా సందు దాటి పెద్ద రోడ్డెక్కగానే ఒక సిగ్నల్ వస్తుంది. నా కారు అక్కడే పోయింది. ఎర్రలైటు పడితే నేను ఆగాను, వెనక వస్తున్న కంపెనీ పికప్ ఆగలేదు. అది గుద్దిన ఊపుకు కారు ముందుకు దూకి స్తంభానికి కొట్టుకుని అడ్డం తిరిగింది. మెడ పట్టేయడం తప్ప నాకేమీ కాలేదు. పికప్ నడిపిన మనిషి దిగి, నెత్తిన చేతులు పెట్టుకుని రోడ్డు పక్కన కూలబడ్డాడు. నేనే లేపి నీళ్ళిచ్చాను. అతని మీద నాకు కోపం లేదు, అప్పుడూ ఇప్పుడూ.

తప్పు పూర్తిగా పికప్‌దేనని పోలీసు రిపోర్టు వచ్చింది. కాబట్టి నష్టం కట్టాల్సింది ఆ పికప్‌కు ఇన్సూరెన్స్ చేసిన సంస్థ. నా కారును రికవరీ బండి మీద ఇండస్ట్రియల్ ఏరియాలోని గ్యారేజీకి తీసుకెళ్ళారు. అక్కడ సర్వేయర్ చూసి, బాగుచేసే ఖర్చు కారు విలువను మించుతుందని చెప్పి టోటల్ లాస్ అని రాశాడు. ఇక ఆ తుక్కు వాళ్ళది, కారు విలువ నాది. ఆ విలువ ఎంతన్న దగ్గరే మాకు తేడా వచ్చింది.

మా తాతగారికి బస్సులుండేవి. కృష్ణా జిల్లాలో మూడు రూట్ల మీద మా ఇంటిపేరు రాసుకుని తిరిగేవి. రూట్లు ప్రభుత్వం తీసుకుంది, బస్సులు అప్పులిచ్చినవాళ్ళు తీసుకున్నారు. మిగిలినదంతా మా నాన్నగారి పద్ధతి తీసుకుంది. ఆయన దేనికీ ధర చెప్పేవారు కాదు. బస్సుల షెడ్డు స్థలం కొనడానికి వచ్చినవాళ్ళు ఎంతకిస్తారని అడిగితే, "మీరే న్యాయంగా చూసి వేయండి" అన్నారు. వాళ్ళకు న్యాయమనిపించింది వాళ్ళు వేశారు. మా ఇంట్లో ఎవరూ దాన్ని తెలివితక్కువతనం అనుకోలేదు. సొంత వస్తువుకు సొంత నోటితో ధర కట్టడం మనకు తగదని మేమందరం నేర్చుకున్నాం. నేను పుట్టేసరికి ఆస్తిలో నాకు మిగిలింది ఆ పద్ధతి, బండిని బాగా చూసుకునే అలవాటు, ఆ రెండే.

నా కారు పదకొండేళ్ళది. తెల్ల సెడాన్. ఇసుక గాలి లేచిన ప్రతి రోజూ కడిగేవాణ్ణి. ఇంజన్ ఆయిల్ ఏనాడూ గడువు దాటనివ్వలేదు. ఎండకు డాష్‌బోర్డు పగలకుండా గుడ్డ కప్పేవాణ్ణి. ఇంకెవరి కారో వాడుకున్నంత జాగ్రత్తగా నడుపుతానని మా ఆవిడ ఎగతాళి చేసేది.

ఇన్సూరెన్స్ ఆఫీసు అల్ దోహా అల్ జదీదాలో, కింద దుకాణాలున్న ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉంది. క్లెయిములు చూసే కుర్చీలో తెలుగాయనే ఉన్నాడు. హైదరాబాదు మనిషి, నాకంటే పదేళ్ళు చిన్న. నా పేరు చూడగానే ఇంగ్లీషు వదిలేశాడు.

"కూచోండి సార్. మనోళ్ళే కదా, టెన్షన్ పడకండి. మీరు ఎంత అనుకుంటున్నరు?"

"న్యాయంగా ఎంత వస్తే అంత వేయండి," అన్నాను.

ఆయన నన్నొకసారి ఎగాదిగా చూశాడు. "ఖలాస్ సార్, మీతోని పని చాలా ఈజీ," అన్నాడు.

ఎంత ఈజీనో వారం తర్వాత ఫోనుకు మెసేజ్ వచ్చినప్పుడు తెలిసింది. ఆ మొత్తానికి నాలుగు టైర్లు, ఒక బ్యాటరీ, ఒక ఏసీ కంప్రెసర్ కొంటే ఇంకేమీ మిగలదు. కిందటేడు నేను ఆ కారుకు వేయించినవి సరిగ్గా ఆ మూడే.

మా ఆవిడ స్కూల్లో టీచరు. కారు పోయినప్పటినుంచి తెల్లవారకముందే లేచి, ఇంకో టీచరు కారులో వెనక సీటు మధ్యన ఇరుక్కుని వెళ్తోంది. మెసేజ్ చూపిస్తే చదివి ఫోను తిరిగిచ్చింది.

"తీసేసుకోండి. ఇంకొంచెం వేసుకుని ఏదో ఒకటి కొనుక్కుందాం."

"ఇది ధర కాదు. అవమానం."

"సరే. అయితే రేపట్నుంచి నన్ను స్కూలుకి తీసుకెళ్ళడానికి మీ తాతగారి బస్సు పంపించండి. ముందు సీటు నాకే ఉంచమనండి, ఆ వెనక సీట్లో నా చీర ఇస్త్రీ నిలవడం లేదు."

 అయినా డబ్బు తీసుకోవడానికి సంతకం పెట్టలేదు.

మళ్ళీ ఆఫీసుకు వెళ్తే ఆయన నవ్వుతూనే కూర్చోబెట్టాడు. ముందు నేను నా కారు ఇస్తిమారా, అంటే రిజిస్ట్రేషన్, రద్దు చేయించి తేవాలట. ఆ తర్వాత డబ్బు.

"ధర తేలకుండా రద్దు చేయించను," అన్నాను.

"అట్లయితే మీరొక నంబరు చెప్పండి సార్. పెద్దగనే చెప్పండి. నేను సగం తగ్గిస్త. మీరు మళ్ళ కొంచెం దిగండి, నేను కొంచెం ఎక్కుత. ఈడికి వచ్చేటోళ్ళందరు అట్లనే చేస్తరు. అందుకే మేం కిందికెళ్ళి మొదలుపెడ్తం. మీరేమో ఆ రోజు ఏం చెప్పకపోతిరి."

"అంటే న్యాయంగా వేయమన్నందుకు తక్కువ వేశారా?"

"వేయమన్నరు, వేసిన," అన్నాడు. అందులో వెటకారం లేదు. ఆయన పద్ధతి ఆయన చెప్పాడు.

బేరం మొదలుపెట్టడం ఎంత సులభమో నాకు అర్థమైంది. రెట్టింపు చెప్పాలి, సగానికి దిగాలి, ఇద్దరం చేతులు కలపాలి. ఆ ఆట ఆడితే రెండు నిమిషాల్లో ఇంటికి వెళ్ళిపోవచ్చు. అప్పుడు నేను కోరేది న్యాయమైన ధర అన్న మాట ఆ గదిలో అబద్ధమైపోతుంది. రెట్టింపు అడిగినవాడు ఎంత తీసుకున్నా రాబట్టుకున్నవాడే అవుతాడు.

తాతగారి బస్సు ఒకసారి ఒక రైతు ఎడ్లబండిని గుద్ది ముక్కలు చేసిందట. మధ్యవర్తులు డబ్బు మాట్లాడబోతే ఆయన వినలేదట. వడ్రంగిని పిలిపించి కొత్త బండి చేయించి, రైతు ఇంటి ముందు నిలబెట్టి వచ్చారట. ఈ కథ మా ఇంట్లో గొప్పగా చెప్పుకోవడానికే పనికొచ్చేది. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మొదటిసారి దానికి ఇంకో ఉపయోగం కనిపించింది.

"నాకు మీ డబ్బు వద్దు," అన్నాను. "మీరు చెప్పిన ధరకు అలాంటి కారే కొని తెచ్చివ్వండి. అదే మోడల్, అదే సంవత్సరం, అన్నే కిలోమీటర్లు. తెచ్చి మా ఇంటి ముందు పెట్టండి. ఇస్తిమారా ఆ రోజే రద్దు చేయిస్తాను."

ఆయన పక్క కుర్చీలో ఉన్న కేరళ ఆయనకు హిందీలో ఈ మాట చెప్పి నవ్వించాడు. "సార్, మాది ఇన్సూరెన్స్. షోరూమ్ కాదు."

"మార్కెట్ ధర అని మెసేజ్‌లో రాసింది మీరే. మార్కెట్ అంటున్నారంటే ఆ ధరకు ఎక్కడో అమ్ముతూ ఉండాలి కదా. ఆ చోటేదో చూపించండి. నేను మీ వెంట వస్తాను."

"చూపియ్యకపోతే?"

"ఇదే మాట రాతపూర్వకంగా మీ మేనేజర్‌కు ఇస్తాను. అక్కడా కాకపోతే మీ పైన ఫిర్యాదులు తీసుకునేవాళ్ళకు ఇస్తాను. నా మాట మారదు."

మేనేజర్‌కు ఇచ్చాను. ఆ ముసలాయన ఏమనుకున్నాడో గాని, ఆ శనివారం సెలవు పెట్టుకున్న క్లెయిముల ఆయన్నే నా వెంట పంపించాడు. పాత కార్లు అమ్మే స్థలానికి ఆయన కారులోనే వెళ్ళాం.  దిగేటప్పుడు, "మా పిలగాని పుట్టినరోజు సార్ ఇయ్యాల," అన్నాడు.

"అయితే తొందరగా కొనేద్దాం," అన్నాను.

ఎండ నెత్తిన పేలుతోంది. ఆయన చెప్పిన ధరకు నా మోడల్ కార్లు రెండే దొరికాయి. మొదటిదాని తలుపు తీస్తే లోపల సీట్లు తడి వాసన కొడుతున్నాయి. కార్పెట్ కింద చెయ్యి పెడితే బురద ఎండి గట్టిపడి ఉంది, ఎప్పుడో నీళ్ళలో మునిగిన కారు. రెండోది చూడ్డానికి బాగానే ఉంది. ఆయన ముఖం వెలిగింది.

"చూడుండ్రి సార్. ఇదేం తక్కువ?"

"కూర్చుని స్టార్ట్ చేయండి."

ఆయన కూర్చుని తాళం తిప్పాడు. టకటకమని ఒక చప్పుడొచ్చి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మూడోసారికి ఆ చప్పుడు కూడా రాలేదు. అమ్మే పఠాన్ తాపీగా వచ్చి, బ్యాటరీ కొత్తది వేస్తే పరుగెడుతుందని ఉర్దూలో చెప్పాడు. చెప్పి, తనే బానెట్ ఎత్తి చూసి, ఏమీ అనకుండా దించేశాడు. బాగున్న కారు, పదకొండేళ్ళది, ఒక్కరే వాడింది కావాలంటే ఎంతవుతుందని మావాడు, ఆ క్లెయిముల ఆయన, అడిగాడు. పఠాన్ చెప్పిన ధర వీళ్ళు నాకు వేసినదానికి రెట్టింపుకు కాస్త తక్కువ. అదీ దొరకాలి కదా అన్నాడు.

మావాడి చొక్కా వీపుకు అంటుకుపోయింది. నీడలోకి వెళ్ళి మేనేజర్‌కు ఫోను చేసి చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చి, "మీరు గెలిచిండ్రు సార్," అన్నాడు.

"ఇది పందెం కాదు."

"అబ్బ, మీతోని మాట్లాడుడు కష్టం సార్," అని కారెక్కాడు. నన్ను ఇంటి దగ్గరే దింపాడు. పిల్లాడికి నా ఆశీస్సులు చెప్పమన్నాను. నిజంగానే చెప్పమన్నాను.

పఠాన్ చెప్పిన ధరే ఖాయం చేశామని, కాగితాల మీద సంతకం పెట్టడానికి రమ్మని కబురొచ్చింది. ఆ సాయంత్రం మా ఆవిడ స్కూలు నుంచి నేరుగా ఆఫీసుకు వచ్చింది. ఈసారి నేను సంతకం పెట్టేదాకా కదలనని ముందే చెప్పింది.

కాగితం చదివాను. కారు విలువ దగ్గర మొదటి మెసేజ్‌లోని మొత్తమే ఉంది. దాని కింద, మానవతా దృష్టితో అదనపు సహాయం అని ఇంగ్లీషులో రాసి మిగిలింది వేశారు. రెండూ కలిపితే సరిపోయింది.

"ఇదేమిటి?"

"రేటు ఒకసారి సిస్టంల ఎక్కితే మార్చుడు కష్టం సార్. అందుకని నేనే మేనేజర్‌కు సమజ్ అయ్యేటట్టు చెప్పిన. ఫ్యామిలీ ఇబ్బందుల ఉన్నది, మేడమ్ పొద్దుగాల పొద్దుగాల వేరేటోళ్ళ కార్ల పోతుంది పాపం, జర చూడుండ్రి అని. మీకు మొత్తం వస్తుంది కదా. ఏ పేరు మీద వస్తే ఏంది?"

కాగితం బల్ల మీద పెట్టేశాను. నేను నోరు తెరిచేలోగా పక్క నుంచి మా ఆవిడ అందుకుంది.

"ఎవరు బాబూ ఇబ్బందుల్లో ఉంది?"

"అంటే మేడమ్..."

"పాపం అన్నావు కదా. ఎవర్ని?"

ఆయన కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను సాయపడలేదు.

"మీ ఇన్సూరెన్స్ ఉన్న బండి మా కారును గుద్దింది," అంది. "మేం మిమ్మల్ని సాయం అడగడానికి రాలేదు. కారు ఖరీదు ఎంతో అంతా కారు ఖరీదనే రాయండి. ఒక్క లైను. లేకపోతే ఈయన సంతకం పెట్టరు. పెడతానన్నా నేను పెట్టనివ్వను."

"మళ్ళ మొదటికెళ్ళి అప్రూవల్ మేడమ్. ఎన్ని రోజులు పడతదో చెప్పలేను. మేనేజర్ కాదన్నా అనొచ్చు. ఇప్పుడు సంతకం పెడితే ఆదివారం ఫులూస్ మీ అకౌంట్ల ఉంటయి."

"ఆదివారం నేను వెనక సీట్లో వెళ్ళగలను," అంది.

బయట ఉక్కగా ఉంది. బస్సు కోసం నిలబడ్డాం. ఆవిడ నా వైపు చూడకుండా, "నాకు ఆ కాగితం చూస్తే ఒళ్ళు మండిపోయింది. మీరు ఇన్నాళ్ళూ ఎలా ఓర్చుకున్నారు?" అని అడిగింది. నేను ఓర్చుకోలేదని, అందుకే ఇంకా బస్సు కోసం నిలబడ్డామని చెప్పాను. ఆవిడకు నవ్వొచ్చింది, ఆపుకుంది.

ఆ తర్వాత చాలా రోజులు కబురు లేదు. వెనక సీటు ప్రయాణం సాగింది. నేను మెట్రో దాకా ఎండలో నడిచాను. ఇద్దరిలో ఎవరమూ ఫోను చేసి ఏమైందని అడగలేదు. చివరికి ఆయనే చేశాడు. ఒక్క లైనే రాయించానని, ఇస్తిమారా రద్దు చేయించి వచ్చి సంతకం పెట్టమని చెప్పాడు. వెళ్ళాను. ప్రతి పదమూ చదివాను. కారు విలువ, దాని పక్కన మొత్తం, అంతే ఉంది. పెట్టాను.

కాగితం తీసుకుంటూ, "మీ కోసం నేను మస్తు మాటలు పడ్డ సార్. ఒక్క థాంక్సన్న చెప్తరా?" అన్నాడు.

శనివారం ఎండలో నా వెంట తిరిగినందుకు చెప్పాను. డబ్బుకు చెప్పలేదు.