మూకుడులో అక్షరాలు

ఇవాళ ప్లంబర్ పైపుకి టంకం వేస్తుంటే వచ్చిన వాసనకి, చిన్నప్పుడు ఐర్లండ్‌లోని నేవన్‌లో మా పక్కింటి షెడ్డు గుర్తొచ్చింది. అక్కడ ఒంటరిగా ఉండే పాట్ అంకుల్ రిటైరైన ప్రింటర్. ప్రెస్సువాళ్ళు పారేసిన సీసపు అక్షరాలను మూకుడులో కరిగించి, తన తుపాకీకి గుండ్లు పోసుకునేవారు.

పుస్తకానికి కాలు తగిలితేనే చదువు పోతుందని, కళ్ళకద్దుకోమనేది అమ్మ. మరి అక్షరాలనే పొయ్యి మీద పెడితే?

“వద్దంకుల్, మీకు చదువు పోతుంది!” అన్నాను.

“గ్రాండ్, ఏం కాదులే” అని నవ్వారాయన.

మర్నాడు పేపరు నా చేతికిచ్చి, “కాస్త చదివి పెట్టమ్మా, నాకు అక్షరాలు ఆనడం లేదు” అన్నారు. అన్నంత పనీ అయింది, చదువు పోయిందనుకున్నాను.

అప్పట్నుంచి స్కూలు నుంచి రాగానే భయంభయంగా వెళ్ళి చదివి వినిపించేదాన్ని. చదువు తిరిగొచ్చిందా అని అడిగితే, “ఇంకా లేదమ్మా” అనేవారు.

అలా అన్నప్పుడల్లా ఆయన చొక్కా జేబులో కళ్ళజోడు ఉండేది. ఎందుకు పెట్టుకోలేదో ఇన్నేళ్ళకు తోచింది.