సియెనాలో సైసు కూతురు

పక్కింటి ఆంటీ పోయారని మొన్న మంగళవారం ఆమె కూతురు ఫోన్ చేసింది. హామిల్టన్‌లో ఆఫీసు కార్ పార్కులో ఉన్నాను. చాలాసేపు కారు తీయలేకపోయాను. చదువుకోవడానికి మన దేశం నుంచి వచ్చి ఆమె పక్క ఫ్లాట్‌లో దిగిన నేను ఈ దేశంలో నిలదొక్కుకున్నానంటే అది ఆమె చలవే.

ఆంటీ వాళ్ల నాన్న హైదరాబాదులో, మలక్‌పేట రేసుకోర్సులో సైసు. మేత పెట్టడం, మాలిష్ చేయడం, నలభై ఏళ్లు గుర్రాలతోనే బతుకు. తన గుర్రం గెలిచిన రోజున కూడా ఆయన్ని జనం ముందుకు రానిచ్చేవారు కాదట. ఇటలీలో సియెనా అనే పాత ఊళ్లో, నడిబొడ్డున ఉన్న చౌక్‌లో, పేటకొక గుర్రాన్ని పందెంలో పరిగెత్తిస్తారు. పందేనికి ముందు ఊరేగింపులో సైసు కూడా ముస్తాబై గుర్రాన్ని నడిపిస్తాడు. ఆంటీ అది ఏదో వీడియోలో చూశారు.

"మా బాపు నోచుకోలే. నేనన్న పోయి చూస్త," అన్నారు.

అప్పటికి ఆమెకు డెబ్బై ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. సీట్లు దొరకలేదు కాబట్టి చౌక్ మధ్యలో నాలుగు గంటలు నిలబడాలి. కూతురు వద్దంది, డాక్టరూ వద్దన్నాడు. ఆంటీ ఎవరితోనూ వాదించకుండా మర్నాటి నుంచి నిలబడటం ప్రాక్టీసు మొదలుపెట్టారు. కూరగాయలు తరిగినా, సీరియల్ చూసినా, ఫోన్ మాట్లాడినా నిలబడే. నేను కుర్చీ జరిపితే కాలితో అవతలికి తోసేవారు.

"కూసుంటె మోకాళ్లు మాట ఇనవు బిడ్డా. దినాం జర జర పెంచుకుంట పోవాలె."

చలి ముదిరేసరికి ఏకబిగిన నాలుగు గంటలు నిలబడగలిగారు. నేనే తోడు వెళ్లాను.

అక్కడ పందెం ఎండాకాలంలోనే, సియెనాలో ఎండ మాడ్చేసింది. ఆంటీ ఒక్కసారి కూడా కూర్చోలేదు. అయితే నెలల తరబడి కాళ్ల గురించే ఆలోచించాం గానీ ఆమె ఎత్తు సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఐదడుగులు కూడా లేని మనిషి. ఊరేగింపులో ఆమెకు కనిపించినవి జెండాల కొసలు, ముందువాళ్ల వీపులు. నాకు ఏడుపొచ్చింది.

"బయటికి వెళ్లిపోదామా ఆంటీ?"

"ఎందుకు పోతం? ఇంక అయిపోలే కద."

పందెం నిమిషమున్నరలో ముగిసింది. జనమంతా గెలిచిన గుర్రం వైపు ఉరికారు. మా చుట్టూ ఖాళీ అయింది. అప్పుడు ఓడిన గుర్రాన్ని పట్టుకుని ఒక సైసు అంచు వెంట వస్తూ కనిపించాడు. ఊరేగింపు బట్టలు చెమటకు తడిసిపోయాయి. మోచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. అతని వైపు ఎవరూ చూడటం లేదు.

ఆంటీ నా చేయి వదిలి సరాసరి అతని దగ్గరకు వెళ్లారు. గుర్రం మెడ మీద అరచేయి వేసి పైనుంచి కిందికి నిమిరారు. ఆ నిమరడం ఎలాంటిదో అతనికి తెలిసినట్టుంది, తాడు కొస ఆమెకు అందించాడు. అటు అతను, ఇటు ఆమె, మధ్యలో గుర్రం. లాయం దాకా వాళ్ల వెనకే నడిచాను.

"మంచిగ ఉరికినవ్ బిడ్డా, మస్తుగ ఉరికినవ్," అని ఆంటీ దారంతా గుర్రానికి తెలుగులో చెబుతూనే ఉన్నారు.