బూట్లు విప్పే కోచ్

నార్సింగిలో మా అమ్మాయికి ఫుట్‌బాల్ నేర్పిన అసిస్టెంట్ కోచ్ ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు ఆడినవాడు. ఆట మానేశాక పాతికేళ్లకు పైగా కోచింగ్‌లోనే ఉన్నాడు, ఎప్పుడూ ఎవరో ఒకరి కింద. చివరికి తాను ఆట నేర్పిన కుర్రాడి కింద. ఆయనకొక అలవాటు ఉండేది. పిల్లలు మైదానంలోకి దిగకముందు బూట్లు విప్పి, ఆ ప్లాస్టిక్ గడ్డి మీద వట్టి కాళ్లతో కాసేపు నిలబడేవాడు.

ఒక మే నెల సాయంత్రం అలా నిలబడి, వెంటనే పక్కకు దూకాడు.

"ఇయ్యాల ఆట లేదు. పెనం లెక్క కాలుతున్నది. పిల్లలు పడితే మోకాళ్ల తోలు లేస్తది."

హెడ్ కోచ్ నవ్వాడు. "అన్నా, నువ్వు అసిస్టెంట్‌వి. జర యాది పెట్టుకో."

"యాదిలున్నది తమ్మీ. నువ్వు బూట్లిప్పి నిలబడు. నిలబడితే ఆడిపిద్దాం."

హెడ్ కోచ్ నిలబడలేదు. ఆ రోజు ఆట జరగలేదు. మర్నాటి నుంచి ఆయన్ని పిల్లల దగ్గరికి రానివ్వలేదు. బంతులకు గాలి కొట్టే పని ఇచ్చారు. తల్లిదండ్రులం చూస్తూ ఊరుకున్నాం.

మొన్న ఆయన పోయాడు. ఆ మైదానంలోనే సంతాప సభ పెట్టి, కోచింగ్ అకాడమీ మేనేజర్ మైకులో, "ఆయన ఎవరికీ ఎదురు చెప్పి ఎరగరండి," అన్నాడు.

నా కోపం ఆగలేదు. లేచి, "అబద్ధం. ఎదురు చెప్పినందుకే మీరు ఆయన్ని పిల్లలకు దూరం చేశారు," అన్నాను.

మేనేజర్ గడియారం చూసుకున్నాడు. "కూర్చోండి సార్. ఆరింటికి వేరే టీమ్ బుకింగ్ ఉందండి."