అక్క పంచిపెట్టిన షుగర్ గోలీలు

ఈ రోజు అక్కను గుండె డాక్టర్‌కు చూపించాను. ఆమె విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీలో బీడీలు చుడుతుంది. గుండె వాల్వ్ ఇరుకైంది, వచ్చే వారం ఆపరేషన్ అని ఇదివరకే చెప్పారు. రక్తపరీక్ష రిపోర్టు చూసి ఈ రోజు దాన్ని వాయిదా వేశారు. షుగర్ బాగా ఎక్కువగా ఉంది. దానివల్ల వాల్వ్ ఇంకా త్వరగా ఇరుకవుతుందని, గుండె కండరం కూడా బిరుసెక్కుతుందని చెప్పారు.

నెలనెలా షుగర్ మాత్రలు తెచ్చింది నేను. ఖాళీ స్ట్రిప్పులు చూపించింది ఆమె.

"మరి గోలీలు ఏడవోయినయ్ అక్కా?"

"పక్కింటి లచ్చవ్వకిచ్చిన రా, ఆమెకు గూడ షుగరుంది. నాకు బీడీ ఆకు తక్కువైతే ఆమె ఇస్తలేదా? గుండె గోలీలైతే ఒక్కటి గూడ ఇయ్యలే, తెల్సా!"

నన్ను మోసం చేశానని ఆమెకు ఇప్పటికీ అనిపించడం లేదు. ఎవరేం చెప్పినా ఇంకొకరిని అడిగి రాసే విలేకరిని నేను, ఖాళీ స్ట్రిప్పును మాత్రం నమ్మాను. మీ ఇంట్లో మాత్ర మింగేదాకా ఎదురుగా నిలబడతారా?