సకినాల పాలపుంత

నేను మూడో తరగతితో బడి మానేశాను. మనముండే చుక్కల గుంపు సుడి తిరుగుతూ ఉంటుందని, దాన్నే పాలపుంత అంటారని నాకు చెప్పింది నా మనవరాలు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దాని బడి. సైన్సు ఎగ్జిబిషన్‌కు ఆ సుడి నమూనా తీసుకుపోవాలట. లైట్లు వెలిగేది దుకాణంలో కొందామంది.

"దుకాణమెందుకే? బియ్యం నానబోస్తా, నేనే చుట్టిస్తా," అన్నాను.

ఎల్‌బీ నగర్‌లో మా ఇంట్లో పాత ధోవతి పరిచి, సంక్రాంతికి సకినం చుట్టినట్టే, నువ్వులు కలిపిన బియ్యప్పిండితో నడుమ నుంచి మొదలుపెట్టాను. అది ఫోనులో బొమ్మ పట్టుకుని పక్కన కూర్చుంది. చెయ్యి అలవాటు కొద్దీ చివరి కొసను లోపలి చుట్టుకు అతికించేశాను.

"అయ్యో నానమ్మా, గట్ల మూయొద్దు! పాలపుంత చేతులు ఇడిసే ఉంటయి."

"కొస అతకకుంటే నూనెల ఇరుగుతదే."

"ఇరగనీయకు మరి!"

చెరిపి మళ్లీ చుట్టాను. పక్కన ఆండ్రోమెడా అనే ఇంకో చుక్కల గుంపు, మనకంటే పెద్దది. కాస్త ఎడంగా మూడోది, చిన్నది. చుట్టూ గోళీలంత పిండి ఉండలు, అవి మరుగుజ్జు గెలాక్సీలట.

"ఇవన్ని ఒకదాన్నొకటి గుంజుకుంటయి నానమ్మా. ఇడిసిపెట్టి పోవు," అంది.

ఎగ్జిబిషన్ రోజు మంచి చీర కట్టుకుని వెళ్లాను. నల్ల అట్ట మీద నా సకినాలు ఒక్క కొసా విరగకుండా ఉన్నాయి. పక్క బల్ల మీద దాని స్నేహితురాలి లైట్ల నమూనా. సైన్సు సారు మా బల్ల దగ్గరే వంగి, "ఎంత బాగుంది! ఎవరు చేశారమ్మా?" అన్నాడు.

నేను కొంగు సర్దుకున్నాను.

మనవరాలు నన్ను చూసింది. స్నేహితురాలిని చూసింది. "స్వీట్ షాపుల చెప్పి చేయించినం సార్."

"ఏ షాపు? మా ఇంట్లో పెళ్లికి కావాలి."

"ఎల్‌బీ నగర్ దగ్గరుంటది సార్."

నా కాపురంలో బయటి పిండివంట గడప దాటి లోపలికి రాలేదు. నేనెవరో సారు అడగలేదు. మనవరాలూ చెప్పలేదు.

మెట్రోలో, "అందరు నవ్వుతరేమో అనుకున్న నానమ్మా," అని గొణిగింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. దాని ఆకలి తీర్చిన చేతులే దానికి నవ్వులాటయ్యాయి.

ఇంటికొచ్చాక ఆండ్రోమెడా కొస తుంచి నమిలింది. "మస్తుంది నానమ్మా," అంది, నా ముఖం చూస్తూ.

"దుకాణంది గదా, మస్తుగనే ఉంటది," అన్నాను. మిగిలినవి డబ్బాలో వేసి మూత బిగించాను.